పిల్లలతో రంగులు కలిపే ఆట: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా ఇంటి వసారాలో ఆదివారం పొద్దున చుట్టుపక్కల పిల్లలతో రంగులు కలిపిస్తుంటాను. మూడేళ్ల వాళ్ల నుంచి రెండో తరగతి వాళ్ల దాకా వస్తారు. పిల్లలను దింపడానికి వచ్చిన తల్లులు, నానమ్మలు, అప్పుడప్పుడు వచ్చే అంగన్‌వాడీ టీచర్లు గేటు దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నలను ఒకచోట రాసిపెట్టాను. వరస ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు రాశాను.

ఏ వయసు నుంచి మొదలుపెట్టొచ్చు?

చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు దాటితే చాలు. అంతకన్నా చిన్నబిడ్డ అయితే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో ఒక మూల రెండు చెంచాల పసుపు రంగు, ఇంకో మూల కొంచెం నీలం వేసి, గాలి తీసేసి, జిప్ మీద గట్టి టేపు అతికించండి. నేల మీద పెట్టి పైనుంచి పిసకనివ్వండి. మీరు పక్కనే ఉండాలి, ఆట కాగానే కవరు తీసేయాలి.

నేను చూసినంతలో మూడేళ్లకు డ్రాపరు నొక్కడం వస్తుంది. నాలుగేళ్లకు “కలిపితే ఏమైతది?” అంటే ఊహించి చెబుతారు. ఆరేళ్లకు చుక్కలు లెక్కపెట్టి కలుపుతారు. మీ బిడ్డ కొంచెం ముందో వెనకో ఉంటే టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

ఏమేం కొనాలి? ఖర్చు ఎంత అవుతుంది?

ఇంట్లో ఉన్నవాటితోనే చాలావరకు అయిపోతుంది. ముఖ్యమైన సంగతి ఒక్కటే, గిన్నె తెల్లగా ఉండాలి. నేను మొదట్లో తెలివికి పోయి గుంత పొంగనాల పెనం పెట్టాను. గుంటలు చక్కగా సరిపోయాయి కానీ నల్లటి పెనంలో ఏ రంగూ కనబడలేదు. స్టీలు గిన్నెలోనూ అంతే, రంగు కన్నా మెరుపే ఎక్కువ కనబడుతుంది. తెల్లటి ఐస్ ట్రే, పెరుగు డబ్బాలు, టీ తాగే తెల్ల కప్పులు మంచివి. చుక్కలు వేయడానికి పిల్లల మందు సీసాతో వచ్చే డ్రాపరు కడిగి వాడండి.

రంగుల విషయానికొస్తే, చిన్నవాళ్లకు తినే మిఠాయి రంగులు, కాస్త పెద్దవాళ్లకు పోస్టరు రంగులు. కిరాణా దుకాణంలో కేసరి, ఆకుపచ్చ సులువుగా దొరుకుతాయి. నీలం కోసం కేకుల సామాను అమ్మే దుకాణానికి వెళ్లాల్సి రావచ్చు. సీసా మీద తిండి పదార్థాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. మన దేశంలో తిండిలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు 8 మాత్రమే. విడిగా పొట్లం కట్టి ఇచ్చే పసుపు పొడి వద్దు. మెటానిల్ ఎల్లో లాంటి తినకూడని రంగులు అమ్ముడయ్యేది అలాంటి పొట్లాల్లోనే.

గోడలకు వేయగా మిగిలిన పెయింటు వాడొచ్చా?

వద్దు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ అటక మీద ఉన్న డబ్బా ఏ సంవత్సరందో ఎవరికి తెలుసు? పైగా ఆయిల్ పెయింటు చేతుల నుంచి పోవాలంటే టర్పెంటైన్ కావాలి. పిల్లల చర్మం మీద దాన్ని రుద్దే పని పెట్టుకోకండి.

మొట్టమొదటి రోజు ఏం చేయించాలి?

పసుపు, నీలం. ఈ జత దాదాపు ఎప్పుడూ మోసం చేయదు. తెల్ల కప్పులో పసుపు రంగు నీళ్లు సగం పోసి, డ్రాపరులో నీలం ఇచ్చి, మీరు నోరు మూసుకుని కూర్చోండి. కష్టమైన పని అదే. “చూడు, ఆకుపచ్చ అవుతుంది” అని ముందే చెప్పేస్తే బిడ్డ చూసేది కప్పును కాదు, మీ మొహాన్ని. మీరు చెప్పింది నిజమైందా లేదా అని చూస్తుంది, అంతే. చెప్పకపోతే ఒక చుక్క పడగానే కప్పులో తీగలా దిగుతున్న నీలాన్ని, దాని అంచున మొదలయ్యే ఆకుపచ్చను తనే కనిపెడుతుంది. “టీచర్, గిది పచ్చగైంది!” అని అరిచిన నాలుగేళ్ల పాప గొంతు నాకు ఇంకా గుర్తుంది. ఆ మాట తన నోట రావడం కోసమే ఇదంతా.

ఎప్పుడూ లేత రంగులో ముదురు రంగు వేయించండి. పసుపులో ఒక్క చుక్క నీలం పడితే తేడా తెలుస్తుంది. నీలంలో ఒక్క చుక్క పసుపు వేస్తే ఏమీ కాదు, బిడ్డ విసిగిపోతుంది. చుక్క చుక్కకూ రంగు మారుతుంటే చిలకపచ్చ, ఆకుపచ్చ, ముదురు పచ్చ అని వాళ్లే పేర్లు వెతుక్కుంటారు. ఒక్కో చుక్క తర్వాత కాగితం మీద వేలిముద్ర వేయిస్తే, ఆట అయ్యేసరికి లేత నుంచి ముదురు దాకా పచ్చల వరస ఒకటి తయారవుతుంది.

ఎరుపు, నీలం కలిపితే ఊదా రావాలి కదా! మాకు మట్టి రంగు వస్తోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

గేటు దగ్గర నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. తప్పు మీది కాదు, మీ పిల్లది అంతకన్నా కాదు. తప్పు ఎరుపుది.

మనం ఎరుపు అని కొనేదాంట్లో చాలావరకు నారింజ వైపు మొగ్గిన ఎరుపు ఉంటుంది. మిఠాయిల కేసరి రంగైతే సగం నారింజే. నారింజ అంటే లోపల పసుపు ఉన్నట్టు. దానికి నీలం కలిపితే ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిసినట్టే లెక్క. మూడూ కలిస్తే వచ్చేది మన నల్లరేగడి పొలం రంగు.

పోస్టరు రంగులైతే సీసా మీద పేరు చదవండి. వెర్మిలియన్, స్కార్లెట్ అని ఉంటే ఊదాకు పనికిరావు, నారింజకు బ్రహ్మాండం. క్రిమ్సన్, రోజ్, మెజెంటా అని ఉన్నవి తీసుకోండి. నీలంలో అల్ట్రామెరీన్ అని ఉన్నది మంచిది. ప్రష్యన్ బ్లూ కాస్త ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది కాబట్టి ఊదాను మసకబారుస్తుంది. పసుపులోనూ ఈ తేడా ఉంది. ఆకుపచ్చ నిగనిగలాడాలంటే నిమ్మపండు పసుపు, నారింజ కావాలంటే బంతిపువ్వు లాంటి ముదురు పసుపు.

ఇంకో చిట్కా. చీరల దుకాణంలో అందరూ రాణి కలర్ అంటారు చూడండి, ఆ గులాబి. అదే ఇంచుమించు మెజెంటా. రాణి రంగులో నీలం కలిపితే వంకాయ రంగు దిగివస్తుంది. మొదటిసారి అది చూసిన ఒక తల్లి, తన చిన్నప్పటి డ్రాయింగ్ పీరియడ్ అంతా వృథా అయిందని నవ్వింది.

అయితే మూల రంగులు ఎరుపు, పసుపు, నీలం అని చెప్పడం తప్పా?

చిన్నపిల్లలకు ఆ మూడు పేర్లతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. బడి పుస్తకాల్లోనూ అలాగే ఉంటుంది. కానీ అదే ఆఖరి మాట అని పెద్దవాళ్లు నమ్మితే ఇబ్బంది. అచ్చుయంత్రంలో వాడేవి సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా, పసుపు, వాటికి తోడు నలుపు. పొద్దున వచ్చే దినపత్రిక పేజీ అడుగున చూస్తే చాలా పత్రికల్లో ఈ నాలుగు రంగుల చిన్న చుక్కలు కనబడతాయి. భూతద్దం పెట్టి రంగు ఫొటో మీద చూపిస్తే నాయకుడి మొహం చుక్కల పోగుగా మారుతుంది. పిల్లలకు ఇదంటే తగని సంబరం.

ఆరేడేళ్ల పిల్లలతో ఒక పని చేయించండి. “ఎరుపును ఎవరూ తయారు చేయలేరు” అని పుస్తకంలో చదివిన పిల్లవాడి చేతికి రాణి రంగు, నిమ్మపసుపు ఇవ్వండి. కలిపితే ఎరుపు వస్తుంది. పుస్తకం మీద గెలిచినంత గర్వంగా చూస్తాడు.

పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ ఎందుకు అవుతుంది? బిడ్డ అడిగితే ఏం చెప్పాలి?

నేను చెప్పే కథ ఇది. వెలుతురులో అన్ని రంగులూ ఉంటాయి. పసుపు రంగుకు నీలి వెలుగంటే ఆకలి, కనబడితే మింగేస్తుంది. నీలం రంగుకు ఎర్ర వెలుగంటే ఆకలి. రెండూ ఒకే గిన్నెలో కూర్చుంటే అదీ పాయె, ఇదీ పాయె. ఇద్దరూ పెద్దగా ముట్టుకోకుండా వదిలేసింది ఆకుపచ్చ. అదే మన కంటికి వస్తుంది.

కథ అన్నాను కానీ, జరిగేదీ అదే. ఎన్ని రంగులు కలిపితే అన్ని ఆకలి నోళ్లు చేరతాయి. అందుకే కలిపేకొద్దీ రంగు నల్లబడుతుంది. అయిదేళ్లలోపు వాళ్లు ఇదేదీ అడగరు. అడగనివాళ్లకు చెప్పకండి.

మా వాడు అన్నీ కలిపేసి బురద చేస్తాడు. ఎలా ఆపాలి?

ఎందుకు ఆపాలి? బురద కూడా ఒక ఫలితమే. వాడికి అది దొరికింది, ఎలా దొరికిందో కూడా తెలుసు. మీకు విసుగు పుడితే ఒక్కసారికి రెండు రంగులే ఇవ్వండి, మూడోది దాచండి. పిల్లవాణ్ణి ఆపడం కన్నా సీసాను దాచడం సులువు.

బురదతో నేను ఇంకో ఆట ఆడిస్తాను. కాగితం మీద రెండు చోట్ల బురద రంగు పూసి, ఒకదానికి తెల్ల రంగు, ఇంకోదానికి పసుపు కలపమంటాను. చాయ్ రంగు, చింతపండు రంగు, గోధుమ రంగు, అమ్మ చేతి రంగు, నాన్న మెడ రంగు వస్తాయి. మనుషుల బొమ్మలకు వేయడానికి డబ్బాలో దొరికే ఆ గులాబి రంగు కన్నా మా బురదే మనవాళ్ల ఒంటికి దగ్గరగా ఉంటుంది.

మా నానమ్మ పసుపును “పచ్చ” అంటుంది. బిడ్డ తికమక పడుతోంది.

నానమ్మ మాటలో తప్పు లేదు. తెలుగులో పచ్చ అనే మాట రెండు రంగుల మీదా తిరుగుతుంది. పచ్చకామెర్లు అన్నప్పుడు అది పసుపు. పచ్చబొట్టు, పచ్చగడ్డి అన్నప్పుడు ఆకుపచ్చ. అందుకే పసుపుపచ్చ, ఆకుపచ్చ అని ముందు ఒక మాట తగిలిస్తాం. బిడ్డకు కూడా ఆ రెండు పూర్తి పేర్లు నేర్పండి. పసుపు డబ్బాలోది పసుపుపచ్చ, ఆకు మీద ఉన్నది ఆకుపచ్చ. పేరులోనే ఉదాహరణ ఉంది కదా.

“రెడ్” అని నేర్పాలా, “ఎరుపు” అని నేర్పాలా?

రెండూ. బడిలో రెడ్ తప్పదు, ఇంట్లో ఎరుపు పోగొట్టుకోవద్దు. నేను వీటికన్నా వస్తువుల పేర్లతో ఉన్న రంగులనే ఇష్టంగా వాడతాను. ఉల్లిగడ్డ రంగు, నేరేడుపండు రంగు, మెంతి రంగు, నెమలి కంఠం రంగు. “ఇవాళ ఉల్లిగడ్డ రంగు చేద్దాం” అంటే వంటింట్లోకి పరుగెత్తి ఒక గడ్డ తెచ్చి పక్కన పెట్టుకుని మరీ కలుపుతారు.

వంటింటి పసుపుతో రంగుల ఆట ఆడించొచ్చా?

ఆడించొచ్చు, కానీ అక్కడ జరిగేది వేరే ఆట. పారాణి ఎలా చేస్తామో గుర్తు చేసుకోండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది. పసుపుపచ్చ, తెలుపు కలిస్తే లేత పసుపు రావాలి కదా, ఎరుపు ఎక్కడినుంచి వచ్చింది? అది రంగులు కలవడం కాదు, రసాయన మార్పు. పసుపులో ఉండే కర్కుమిన్ అనే రంగు పదార్థం, సున్నం, సబ్బు లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. చొక్కా మీది కూర మరకకు సబ్బు రాయగానే ఎర్రగా అవడం కూడా ఇదే.

పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పొరపాటున పడితే ఆగకుండా ధారగా నీళ్లతో కడుగుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటకు సబ్బు నీళ్లు చాలు. పసుపు నీళ్లలో కాగితం ముంచి ఆరబెట్టి, దూదిపుల్లను సబ్బు నీళ్లలో అద్ది గీయిస్తే ఎర్రటి గీత పడుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు.

మా పిల్లలు దీన్నుంచి ఒక పరీక్ష తయారు చేసుకున్నారు. “వాపసు వస్తదా?” అని. పసుపు కాగితం వాపసు వచ్చింది. నిన్న కలిపిన ఆకుపచ్చ నీళ్లలో నిమ్మకాయ పిండితే పసుపు, నీలం వేరుపడలేదు. కాబట్టి ఇవి రెండూ వేరు వేరు పనులు అని వాళ్లే తేల్చేశారు. ఎవరూ చెప్పలేదు.

ఒక ఇబ్బంది కూడా ముందే చెప్పాలి. పసుపు నీళ్లలో సరిగ్గా కరగదు, కాసేపటికి అడుగున చేరుతుంది. నూనెలో అయితే రంగు దిగుతుంది. కారం పొడిలోని ఎరుపు కూడా అంతే, కూర మీద తేలే ఎర్ర నూనె చూస్తే తెలుస్తుంది. వరంగల్ చపాటా మిర్చికి పేరొచ్చింది కారంతో కాదు, ఆ ఎరుపుతోనే. అలాగని దాన్ని పిల్లల ఆటలోకి తేవద్దు. వరంగల్‌లో మిర్చి అమ్మే ఏనుమాముల మార్కెట్ వైపు సీజన్‌లో వెళ్లినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

పూలు, పండ్లతో రంగులు చేయించడం ఎలా?

కాలాన్ని బట్టి చేయాలి. ఫిబ్రవరి చివర, మార్చిలో మోదుగ పూలు. ములుగు, భూపాలపల్లి వైపు అడవి అంతా మంట పెట్టినట్టు పూస్తాయి. పూరేకులు నీళ్లలో ఉడికిస్తే పసుపు, నారింజ మధ్య రంగు దిగుతుంది, చిటికెడు వంటసోడా వేస్తే ఇంకా ముదురుతుంది. కాముని పున్నమికి, అంటే హోలీకి, జాజిరి పాటలు పాడుతూ ఆడే పిల్లల చేతుల్లో ఒకప్పుడు ఉన్నది ఈ రంగే. ఉడికించడం మీ పని, వడగట్టడం వాళ్ల పని.

శంఖుపూలు చాలా ఇళ్ల గోడల మీద పాకుతుంటాయి. పది పూలు వేడినీళ్లలో వేస్తే చక్కని నీలం. అందులో పసుపు నీళ్లు కలిపితే ఆకుపచ్చ, ఇది కలవడం. నిమ్మరసం పిండితే ఊదా, ఇది మారడం. ఒకే గిన్నెతో రెండు ఆటలు. పండిన తీగబచ్చలి పండ్లు పిండితే రాణి రంగు కారుతుంది. మా చిన్నప్పుడు వాటితో సిరా చేసి టీచర్ చేత తిట్లు తిన్నాం. బీట్‌రూట్ అందరికీ తెలిసిందే. పాలకూర మాత్రం నన్ను ఎప్పుడూ నిరాశపరిచింది.

పూల రంగులు ఒక పూట తర్వాత పాడవుతాయి, వాసన వస్తాయి. ఏ రోజువి ఆ రోజే.

బతుకమ్మకు గునుగు పూలకు రంగు అద్దేటప్పుడు పిల్లలను కూర్చోబెట్టుకోవచ్చా?

కూర్చోబెట్టుకోండి, ఇంతకు మించిన పాఠం దొరకదు. తెల్లటి గునుగు పూల కట్టను రంగు నీళ్లలో ముంచి తీయడం మన ఇళ్లలో ఏటా చేసేదే. వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆ రంగుల వరసలు చూస్తే చాలు. ఈసారి ఒక్క పని అదనంగా చేయండి. గులాబి రంగులో ముంచి ఆరిన కట్టలో సగాన్ని నీలంలో మళ్లీ ముంచమనండి. పసుపులో ముంచిన కట్టను నీలంలో ముంచమనండి. కొనని రంగులు రెండు వరసల్లోకి వస్తాయి. తంగేడు పూలకు మాత్రం ఇదేదీ వద్దు, దాని పసుపు దానికి చాలు.

బజారులో దొరికే గునుగు రంగు ముద్దుగా ఉంటుంది కానీ గట్టిది. వారం దాకా గోళ్ల నుంచి పోదు, నోట్లోకి పోకూడదు. అందుకని పిల్లల కట్టలకు విడిగా మిఠాయి రంగు నీళ్లు పెట్టండి. కొంచెం వెలిసినట్టు ఉంటుంది, ఏం ఫర్వాలేదు.

గ్లాసుల మధ్య నీళ్లు నడిచే ప్రయోగం చేశాం. నీళ్లు నడవలేదు!

మూడు గ్లాసులు పక్కపక్కన పెట్టి, అటు పసుపు, ఇటు నీలం, మధ్యలోది ఖాళీ, వాటి మధ్య టిష్యూ వంతెనలు. ఇదే కదా? రంగు నీళ్లు గ్లాసు అంచు దాకా నింపారా? సగం గ్లాసుతో ఎక్కడం కష్టం. వంతెన పొట్టిగా, మందంగా మడవండి, కొస నీళ్లలో బాగా మునగాలి. టిష్యూ బదులు పాత నూలు పంచె గుడ్డ పేలిక ఇంకా బాగా పనిచేస్తుంది.

ఒకసారి మా పిల్లలు పత్తి చేను నుంచి తెచ్చిన పత్తితో వత్తి చేసి పెట్టారు. గంట గడిచినా చుక్క కూడా ఎక్కలేదు. పచ్చి పత్తి మీద సహజంగా మైనం పొర ఉంటుంది, అది నీటిని దగ్గరికి రానివ్వదు. మందుల దుకాణంలో దొరికే దూదిని శుభ్రం చేసి ఆ మైనం తీసేస్తారు కాబట్టి అది పీలుస్తుంది. ఆ రోజు రంగుల సంగతి పక్కకు పోయి, రెండు రకాల పత్తిని నీళ్లలో వేసి ఏది మునుగుతుందో చూడటంతోనే సరిపోయింది.

మధ్య గ్లాసులో ఆకుపచ్చ చేరడానికి గంటో రెండు గంటలో పడుతుంది. పిల్లలు దాని ముందు కూర్చోరు. పెట్టేసి వేరే ఆటకు పోవాలి.

ఒకసారి కలిసిన రంగును మళ్లీ విడదీయొచ్చా?

కొన్నిటిని విడదీయొచ్చు. ఒక తెల్ల సుద్దముక్క తీసుకోండి. అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తులో ఆకుపచ్చ స్కెచ్ పెన్‌తో చుట్టూ గీత గీయండి. గిన్నెలో వేలి మందం నీళ్లు పోసి సుద్దను నిలబెట్టండి, గీత నీటికి తగలకూడదు. నీళ్లు సుద్దలో పైకి పాకుతూ గీతను లాక్కుపోతాయి. పది పదిహేను నిమిషాల్లో చాలా పెన్నుల్లో పసుపు ఒక చోట, నీలం ఇంకో చోట ఆగిపోతాయి. ఒక్కో రంగు సుద్దను పట్టుకుని ఉండే బలం వేరు, అందుకే ఒకటి ముందు, ఒకటి వెనక.

నల్ల స్కెచ్ పెన్‌తో చేస్తే ఇంకా మజా. నలుపులోంచి ఏమేం బయటికొస్తాయో నేను చెప్పను. బాల్ పెన్, పర్మనెంట్ మార్కరు గీతలు కదలవు, అవి నీళ్లలో కరగవు.

పొడి రంగులు కలిపితే కూడా ఇలాగే అవుతుందా?

సంక్రాంతి ముగ్గులకు తెచ్చిన పసుపు పొడి, నీలం పొడి కలిపి దూరం నుంచి చూడండి, పచ్చగానో మసకగానో ఉంటుంది. భూతద్దంతో చూస్తే పసుపు రేణువు పసుపుగానే, నీలం రేణువు నీలంగానే ఉంటాయి. కలిసింది మన కంట్లో. బియ్యానికి రంగులేసి ఇలా ఆడిస్తారని చాలామంది చెబుతారు. మా ఇంట్లో బియ్యంతో ఆడనివ్వరు, నేనూ ఆడనివ్వను.

ఇదే సంగతి మగ్గం మీద ఇంకా బాగా కనబడుతుంది. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఒక రంగు పెట్టి నేసిన నెమలి కంఠం రంగు చీర మీ బీరువాలో ఉంటే తీయండి. ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. కొత్తవాడలో తెలిసినవాళ్లుంటే మగ్గం దగ్గరికి తీసుకెళ్లండి. జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉన్న వరంగల్ డర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, అక్కడివే. దారాన్ని తొట్టిలో ముంచే దగ్గర పిల్లలు ఎంతసేపైనా నిలబడతారు. చేర్యాల వెళ్లే వీలుంటే నకాషీ బొమ్మలు కూడా చూపించండి. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పూసి, వెనక ఎర్రటి రంగు పరిచి కథ అంతా వరసలుగా గీస్తారు. పక్కన ఆ ఎరుపు ఉన్నప్పుడు మిగతా రంగులు ఎలా మారినట్టు కనబడతాయో అడగండి.

బొంగరం మీద పసుపు, నీలం పూసి తిప్పితే ఆకుపచ్చ వస్తుందా?

రాదు. చాలామంది వస్తుందని చెబుతారు, నేనూ అలాగే చెప్పి పిల్లల ముందు పరువు పోగొట్టుకున్నాను. అట్టముక్క చక్రంలా కత్తిరించి, సగం పసుపు సగం నీలం పూసి, రెండు బొక్కల్లో దారం కట్టి తిప్పితే వచ్చేది బూడిద రంగు. ఇక్కడ రంగు రంగులో కలవడం లేదు. రెండింటి నుంచి వచ్చే వెలుగు గబగబా మారి మారి కంటికి తగులుతోంది, కలిసేది వెలుగు. ఎరుపు, ఆకుపచ్చ పూసి తిప్పితే ముదురు పసుపు లాంటిది వస్తుంది. అవే రెండు గిన్నెలో కలిపితే బురద! 1850ల్లోనే మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త ఇలాంటి చక్రాలు తిప్పి వెలుగుల లెక్కలు రాశాడు.

ఏడు రంగుల చక్రం తిప్పితే తెల్లగా అవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఇంట్లో చేస్తే తెల్లగా కాదు, మాసిన తెలుపు వస్తుంది. ముందే అనుకుంటే నిరాశ ఉండదు.

వెలుగులో రంగులు వేరేగా కలుస్తాయని చూపించడానికి సులువైన దారి ఉందా?

మీ ఫోనే. తెర నిండా పసుపుపచ్చ బొమ్మ పెట్టండి. వేలికొస తడిపి ఒక చిన్న నీటి చుక్క దాని మీద చిలకరించండి. ఆ చుక్క భూతద్దంలా పనిచేస్తుంది. పసుపు ఎక్కడా లేదు, ఉన్నవి ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు. ఈ పని మీరే చేయండి. ఒకసారి చూపించాను కదా అని ఊరుకుంటే మర్నాడు ఫోను బకెట్‌లో ఉంటుంది.

అంగన్‌వాడీలో 25 మంది ఉన్నారు. డబ్బులు లేవు, నీళ్లూ తక్కువే. ఎలా?

అందరికీ అన్నీ ఇవ్వాలనుకుంటే కాదు. అయిదుగురికి ఒక గుంపు, గుంపుకు ఒక పసుపు కప్పు, ఒక నీలం కప్పు, ఒక ఖాళీ కప్పు, ఒక డ్రాపరు. ఒక్కొక్కరు మూడు చుక్కలు వేసి పక్కవాళ్లకు ఇవ్వాలి. మిగతావాళ్లు ఊరికే ఉండరు, “ఇంకొక్క చుక్క వెయ్యి!” అని అరుస్తుంటారు, ఆ అరుపే చదువు. గుడ్లు వచ్చే అట్ట ట్రేలు చూసి ఆశపడకండి, నీళ్లు పీల్చి మెత్తబడతాయి. వాటిలో పిండి ముద్దలు పెట్టుకోవచ్చు. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, తగినన్ని నీళ్లు. సగం పసుపు ముద్ద, సగం నీలం ముద్ద. పిసికితే ముందు చారలు, ఆ తర్వాత ఆకుపచ్చ. చుక్క నీరు కారదు.

మే నెల ఎండల్లో అయితే రంగు ఐస్ ముక్కలు చేసి తెల్ల పళ్లెంలో పెట్టండి. 40 డిగ్రీల ఎండే మిగతా పని చేస్తుంది.

మా పాపకు చేతికి రంగు అంటుకుంటే ఏడుపు. బలవంతం చేయాలా?

వద్దు. కవరు ఆట ఇవ్వండి, లేదా వెలుగు అవతలికి పోయే రంగు సెల్లోఫేన్ కాగితాలు ఇవ్వండి. పసుపు కాగితం మీద నీలం కాగితం పెట్టి కిటికీ వైపు పట్టుకుంటే చేయి తడవకుండానే ఆకుపచ్చ కనబడుతుంది.

ఎంత ఆడించినా మా బాబు ఎరుపు, ఆకుపచ్చ తేడా చెప్పలేకపోతున్నాడు.

మూడు నాలుగేళ్ల మధ్య పేర్లు తారుమారు కావడం మామూలే. పేరు అడగకుండా, “ఇలాంటిదే ఇంకోటి తే” అని జత పెట్టమనండి. జత సరిగ్గా పెడితే కంటికి ఇబ్బంది లేదు, మాటే ఇంకా కుదరలేదు. అయిదేళ్లు దాటినా జతలు పెట్టడంలోనే ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు పొరబడుతుంటే కంటి డాక్టరుకు చూపించండి. కొందరికి పుట్టుకతోనే ఈ తేడా సరిగ్గా కనబడదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి ఆడపిల్లల్లో కన్నా మగపిల్లల్లో ఎక్కువ. తరచుగా అమ్మ తరఫు తాతకో మేనమామకో కూడా ఉంటుంది. అలాంటి బాబును నలుగురిలో “ఇదేం రంగు?” అని నిలబెట్టి అడగకండి.

మరకలు?

పడతాయి. పాత చొక్కా వేసి పంపండి. మిఠాయి రంగైతే వెంటనే చల్లటి నీళ్లతో కడగాలి. పసుపు మరకను ఉతికి ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది, ఎండకు కర్కుమిన్ నిలవదు. వసారా గచ్చు మీద పాత దినపత్రికలు పరుస్తాను. ఆట అయ్యాక తీసి చూస్తే కొన్ని పేజీలు పిల్లలు వేసిన బొమ్మల కన్నా బాగుంటాయి.

మిగిలిపోయిన రంగు నీళ్లు ఏం చేస్తారు?

అన్నీ ఒకే బకెట్‌లో పోస్తాం. పోసే ముందు ఒక్కొక్కరూ చివరికి ఏ రంగు అవుతుందో చెప్పాలి. మొదట్లో అందరూ తమకు ఇష్టమైన రంగు పేరే చెప్పేవాళ్లు. ఇప్పుడు ఎక్కువమంది “బురద” అంటారు. పోయిన వారం ఒక అయిదేళ్ల పిల్ల మాత్రం కప్పులన్నీ ఒకసారి చూసి, “పసుపు కప్పులు ఎక్కువున్నయి, పచ్చ బురద అయితది” అంది. పచ్చ బురదే అయింది. మిఠాయి రంగులు, పూల రంగుల బకెట్ అయితే జామచెట్టు మొదట్లో పోస్తాం, పోస్టరు రంగులు ఉంటే మోరీలోకే.